చెవుల తాత

"అమ్మో! చెవికి సూది పెడుతున్నావా, గోడకి మేకు కొడుతున్నావా సిస్టర్?"

మాజీ డ్రైవరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. సైన్యంలో పన్నెండేళ్ళు లారీ నడిపిన మనిషి.

గదిలో ఉన్న తక్కిన మాజీ సైనికులు గొల్లున నవ్వారు.

కొత్త నర్సు నవ్వలేకపోయింది. చేతిలోని సన్నటి సూదిని పళ్ళెంలో పెట్టేసింది.

వాళ్ళందరివీ పాత గాయాలు. గాయాలు మానాయి గానీ నొప్పులు మానలేదు. ఆ నొప్పులకి మింగిన బిళ్ళలే చివరికి వ్యసనమై కూర్చున్నాయి. నానా తంటాలూ పడి అందులోంచి బయటపడ్డారు. మళ్ళీ బిళ్ళ ముట్టుకుంటే కథ మొదటికొస్తుంది.

అందుకే వారానికి రెండుసార్లు ఈ ఆస్పత్రికొచ్చి, చెవికి ఐదేసి ఆక్యుపంక్చర్ సూదులు పెట్టించుకుని, ముప్పావుగంట కళ్ళు మూసుకుని కూర్చుంటారు. నొప్పి పోదు. ఆ పూటకి కాస్త నెమ్మదిస్తుంది. వాళ్ళకి అదే పదివేలు.

సూదులు పెట్టడం వచ్చిన చెయ్యి మాత్రం ఒక్కటే, పెద్ద సిస్టరుది. వంతు కోసం జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్ళు నలభైమంది.

కొత్త నర్సు వందసార్లు తప్పు లేకుండా పెడితేగానీ రెండో చెయ్యిగా ఒప్పుకోరు. పెట్టించుకునేవాడే కరువు.

"నాకు పెట్టమ్మా."

మూల కుర్చీలో ఉన్న పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి.

"ఎక్కడ నొప్పి తాతగారూ?"

"ఇదిగో ఇక్కడ అని చూపించలేనమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

సైన్యం వదిలి ముప్పయ్యేళ్ళయి ఉంటుంది, నొప్పి మాత్రం మూడేళ్ళ కిందట మొదలైందట! ఫ్యాను కింద కాలక్షేపానికి వచ్చే రకం అనుకుంది కొత్త నర్సు. అయినా చెవి దొరికింది, అదే చాలు.

మొదటి సూది పెట్టింది.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టింది. తీసి మళ్ళీ పెట్టు. ఊపిరి బిగబట్టకు తల్లీ, నువ్వు బిగబడితే చెయ్యి కూడా బిగుసుకుంటుంది."

ఆయన మాత్రం రోజూ వచ్చేవాడు, రోజూ అదే వరస. ఆయన మాట దాచేవాడు కాడు. బాగుంటే బాగుందనేవాడు, లేకపోతే మళ్ళీ పెట్టమనేవాడు. బళ్ళో దిద్దించే మాస్టారిలా ఈ పోరేమిటని ఆమెకి లోపల చిరాకు.

ఆయనకి చెవుల తాత అని పేరు పెట్టింది డ్రైవరే.

"తాతా, నీ చెవులు చిల్లులు పడిపోయాయి. రేపట్నించి టీ వడగట్టుకోవచ్చు!"

"నీకూ ఓ కప్పు ఇస్తాలేరా," అనేవాడు తాత, కళ్ళు తెరవకుండానే.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు డ్రైవరు తనంతట తనే వచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకున్నాడు.

"ఊఁ, పెట్టు సిస్టర్. కానీ. ఏంటి ఆలస్యం?"

"ఐదూ పెట్టేశాను."

ఆ వారమే ఆమెకి వందసార్లూ పూర్తయ్యాయి. పెద్ద సిస్టరు సంతకం పెట్టింది.

మర్నాడు పెద్ద సిస్టరు మీటింగుకి వెళ్తే గది మొత్తం ఆమె చేతికొచ్చింది. కుర్చీలన్నీ నిండాయి. ఒకతను నడుం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాడు. మూల కుర్చీలో తాత.

ఆమెకి ఒళ్ళు మండింది.

"తాతగారూ, ఇక మీరు రావక్కర్లేదు. పొద్దుపోవాలంటే పార్కులో బెంచీలున్నాయి. ఆ కుర్చీ నిజంగా నొప్పి ఉన్నవాళ్ళకి కావాలి."

డ్రైవరు కళ్ళు తెరిచి తాత వైపు చూశాడు.

తాత నొచ్చుకున్నట్టు లేడు. "అయితే ఇప్పుడు రెండు చేతులన్నమాట. బయటున్నవాళ్ళనందర్నీ పిలుస్తారా?"

"పిలుస్తాం. మీరు లేస్తే."

తాత చప్పున లేచాడు. నడుం నొప్పి మనిషిని చెయ్యిపట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"చల్లగా ఉండు తల్లీ," అని వెళ్ళిపోయాడు.

మూడు వారాల్లో జాబితా సగానికి సగం తరిగింది. అందరూ ఆమె చేతిని మెచ్చుకున్నారు. అయినా మూల కుర్చీ చూసినప్పుడల్లా ఆమెకి తను అన్న మాటలే గుర్తొచ్చేవి. ఆఖరికి పెద్ద సిస్టరు దగ్గరికి వెళ్ళింది.

"తాతగారిని నలుగురిలో నోటికొచ్చినట్టు అన్నాను మేడం. ఫోను నంబరిస్తే క్షమించమని అడుగుతాను."

పెద్ద సిస్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"సోమవారం పోయారమ్మా. గుండెపోటట."

కొత్త నర్సు ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు, పెద్ద సిస్టరే చూసుకునే ఫైళ్ళ బీరువా తెరిచి వెతకసాగింది.

"ఏం వెతుకుతున్నావు?"

"ఆయన ఫైలు. నేనే రాసి మూస్తాను."

"ఆయనకి ఫైలు లేదు. ఆయన సైనికుడు కాదు. బిళ్ళల జోలికి ఎప్పుడూ పోలేదు."

"మరి ఎందుకొచ్చినట్టు? నాకెందుకు చెప్పలేదు మేడం?"

"చెప్పొద్దన్నారు. జబ్బు లేని చెవి అని తెలిస్తే నీ చెయ్యి తేలిగ్గా తీసుకుంటుందని."

పెద్ద సిస్టరు సొరుగులోంచి పాత జాబితా తీసి, కొట్టేసిన ఒక పేరు మీద వేలు పెట్టింది.

"మూడేళ్ళ కిందట ఈ కుర్రాడి వంతు వచ్చిందని నేను ఫోన్ చేస్తే ఎత్తింది ఆయనే, 'నొప్పికి ఆగలేక మళ్ళీ బిళ్ళలు మింగి మా అబ్బాయి పోయి తొమ్మిది రోజులైంది సిస్టర్, మీకు రెండో చెయ్యి ఎప్పుడొచ్చినా నేర్చుకోవడానికి నా చెవులున్నాయని చెప్పండి' అన్నారు."