గీతలు

వేలిముద్రల క్లాసులో నా కార్డు రెండోసారీ పనికిరాలేదు. పది మరకలు పడ్డాయి, ఒక్క గీత లేదు.

“అరసెలీ, నువ్వు దొంగతనాలు చేసుకోవచ్చమ్మా, జన్మలో దొరకవు,” అన్నారు డన్లెవీ సారు. అందరూ నవ్వాక గొంతు తగ్గించి అడిగారు. “ఎక్కడ పని?”

“నిమ్మకాయల షెడ్డులో సార్, మా అమ్మతో.”

“ఆ పులుపే అరగదీసింది. నెల్రోజులు మానేస్తే గీతలు మళ్లీ వస్తాయి. ముద్రలు పడకపోతే జైల్లో శిక్షణకి తీసుకోరు. అది లేకుండా మన కాలేజీ నేరన్యాయం కోర్సు పూర్తికాదు.”

ఇంట్లో చెబితే అమ్మ పెనం మీద టొర్టియా రొట్టె తిరగేస్తూ నవ్వింది. “ఓస్, ఇంతేనా! నీ షిఫ్టు కూడా నేనే చేస్తాలే. నా వేళ్లు ఎవడిక్కావాలే పిచ్చి తల్లీ?”

నెల తిరిగేసరికి నా ముద్రలు స్పష్టంగా పడ్డాయి. సారు ఆ కార్డును క్లాసంతా తిప్పి చూపించారు.

ఆ సాయంత్రమే అమ్మ పెట్టుకున్న అమెరికా పౌరసత్వం దరఖాస్తుకు జవాబొచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనే కాబట్టి నేనే చదివాను. అమ్మ వేలిముద్రలు నమోదు కాలేదట, నెల తర్వాత మళ్లీ వచ్చి వేయాలట.

క్లాసు కోసం కొన్న సిరా డబ్బా తెచ్చి, సారు నేర్పినట్టే అమ్మ వేళ్లను ఒక్కొక్కటిగా కాగితం మీద దొర్లించాను.

“బాగా పడ్డాయా?” అంది అమ్మ, నా మొహంలోకి చూస్తూ.

“రేపట్నుంచి నువ్వు షెడ్డు మానెయ్యమ్మా. నీ షిఫ్టు నేను చేస్తా.”

“సోమవారం నుంచి నీకు జైలు శిక్షణ కదే!”

తడిగుడ్డ ఇచ్చాను. అమ్మ వేళ్లకంటిన సిరా ఒక్క తుడుపుకే పోయింది.