ఆమె వైపు తలుపు

భార్య బతికున్నన్నాళ్లూ మెకానిక్ తన పాతకాలపు కారులో ఆమె కూర్చునే వైపు తలుపు బాగుచేయలేదు. కీళ్లు అరిగి అది కిందికి జారేది. కాస్త పైకెత్తి దభాలున వేస్తేనే పడేది.

"ఊళ్లో బళ్లన్నీ బాగుచేస్తారు. నా తలుపు మాత్రం మీ కంటికి ఆనదు" అని ఆమె రోజూ దెప్పేది.

ఆమె పోయిన ఏడాదికి కారంతా విప్పి, రంగు వేసి, ఆ తలుపుకు కొత్త కీళ్లు బిగించాడు. ఇప్పుడు వేలితో తోస్తే చాలు, టక్కుమని పడుతుంది. ఆ సాయంత్రం తలుపులన్నీ వేసి, షెడ్డుకు తాళం పెట్టి వచ్చి పడుకున్నాడు.

అర్ధరాత్రి షెడ్డులో దభాలుమంది. కాసేపాగి మళ్లీ. పైకెత్తి వేసిన చప్పుడే. పాతికేళ్లు విన్నవాడికి ఒకరు చెప్పాలా?

టార్చి పట్టుకెళ్లాడు గానీ వెలిగించలేదు. వెలిగిస్తే ఎవరూ ఉండరేమోనని భయం. తాళం తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇక ఎత్తక్కర్లేదే" అన్నాడు. "బాగుచేశాను. మెల్లగా వెయ్యి, చాలు."

కాసేపటికి, మెల్లగా, టక్కుమంది.

అప్పుడు టార్చి వెలిగించాడు. ఆమె వైపు తలుపు వేసి ఉంది. స్టీరింగు వైపు తలుపు, అతని కోసం, బార్లా తెరిచి ఉంది.