మోటారు మీది ప్లేటు

"నా తమ్ముడి చెయ్యి తెచ్చివ్వరా!"

చెంచురామయ్య కాలిన కేబులు ముక్కతో మళ్లీ కొట్టాడు. ఎలక్ట్రీషియన్ ఇషాక్ మిరప చేలో బోర్లా పడ్డాడు. పండుకాయలు అతని మొహం కింద చితికి, పగిలిన పెదవి భగ్గుమంది.

మొన్న చెంచురామయ్య తమ్ముడు బాలు మోటారు వేస్తుంటే ఆ కేబులే కరిగి షాకు కొట్టింది. నిన్న గుంటూరులో డాక్టర్లు కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

"సన్న వైరు వేసి మా వాణ్ణి చంపబోయావు గదరా!"

ఇషాక్ నెత్తురు ఉమ్మాడు. "అయిదు హార్స్‌పవర్‌కి రెండున్నర ఎమ్మెమ్ వైరు చాలు, అన్నా. మోటారు ప్లేటు మీద అయిదనే ఉంది. చూసే వేశాను. పదని ఉంటే ఆరు ఎమ్మెమ్ వేసేవాణ్ణి."

పైకెత్తిన కేబులు గాల్లోనే ఆగింది.

గట్టు మీద కూర్చున్న బాలు భార్య నాగజ్యోతి లేచి వచ్చింది.

"బావగారూ, అది పది హార్స్‌పవర్ మోటారు కదా?"

ఆయన కేబులు కిందికి దించాడు.

"మనకు అయిదుకే పర్మిషను, కరెంటోళ్లు పట్టుకుంటారని మీరేగా పాత మోటారు ప్లేటు తీసి దీనికి బిగించారు? అది కదలకుండా మా ఆయనే పట్టుకున్నాడు, రెండు చేతులతో. ఆ సంగతి ఇతనికి చెప్పారా?"

"చెబితే ఊరంతా తెలిసిపోతుందని..."

నాగజ్యోతి కేబులు లాక్కుంది. మొదటి దెబ్బ ఆయన మెడ మీద పడింది. రెండోది మొహం మీద.

"ఆపమ్మా!" అని ఇషాక్ అరుస్తూనే ఉన్నాడు.

చెంచురామయ్య చేతులు అడ్డం పెట్టలేదు.