మారు వడ్డన

"ఇంకాస్త వంకాయ కూర వెయ్యండి," అని పళ్లెం ముందుకు జరిపాడు ఆమె మొగుడు.

హోటల్ గుమ్మంలో నిలబడ్డ ఆమెకి ఒళ్లు భగ్గుమంది. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఈ మనిషి ఇంట్లో ఒక్కపూటైనా మారు అడిగిన పాపాన పోలేదు. ఎలా ఉందని అడిగితే "ఊఁ" అంటాడు. ఉప్పు వెయ్యడం మర్చిపోయిన రోజు కూడా అదే "ఊఁ".

అలాగని ఆమె వంట తీసిపారేసేదేం కాదు. నాలుగు బల్లల చిన్న భోజనశాల నడుపుతోంది. అది కాక ఏదో ఆఫీసు వాళ్లట, ఫోన్లో చెప్పి, ఆటో కూడా వాళ్లే పంపి, రోజూ అరవై భోజనాలు తెప్పించుకుంటారు. ఇవాళ కూడా మొదటి విడత డబ్బాలు ఆటో ఎక్కించి, రెండో విడత చెల్లెలికి అప్పగించి, మొగుడు మర్చిపోయిన భూతద్దం ఇచ్చొద్దామని అతని గడియారాల రిపేరు కొట్టుకి వెళ్లింది. వెళ్తే ఏముంది, అతను లేడు. అతనికి పంపిన క్యారియర్ ముందేసుకుని పక్క కొట్టు తాళాలాయన సుష్టుగా లాగిస్తున్నాడు. ఆరు నెలలుగా ఈ క్యారియర్ తనకేనని, నీ కడుపు చల్లగుండ తల్లీ అని దీవించాడు కూడా. ఆయనగారు ఎక్కడ తింటున్నారో వేలు పెట్టి మరీ చూపించాడు.

అదీ ఎక్కడ? ఊళ్లో తప్పక తినాల్సిన చోట్లని ఈమధ్య పేపర్లో వేశారే, అందులో మొదటి హోటల్లో. ఆ పేపరు ముక్కకి అద్దం కట్టించి గోడకి తగిలించారు. కౌంటర్ మీద హోటలావిడ రాసిన వంటల పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. అట్ట మీద ఆవిడే గరిటె పట్టుకుని నవ్వుతోంది.

ఆమె తిన్నగా వెళ్లి, తాళాలాయన ముందునుంచి లాక్కొచ్చిన సగం ఖాళీ క్యారియర్ ఠంగుమని బల్ల మీద పెట్టింది. తన గిన్నెలు ఇంకొకళ్లవాటితో కలిసిపోకుండా మూతల మీద ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టుకోవడం ఆమెకి అలవాటు. ఆ చుక్క చూడగానే మొగుడి చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది.

"తాళాలాయనకి నచ్చుతోంది నా వంట. మీకేం రోగం?"

అందరూ చూస్తున్నారు, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం అని అతను గొణిగాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇందులోనూ వంకాయ కూరే, ఆ పళ్లెంలోనూ వంకాయ కూరే, తేడా ఏమిటో ఇక్కడే తేల్చమంది. అతను నీళ్లు తాగి, దిక్కులు చూసి, ఇక తప్పదని నోరు విప్పాడు.

"కోప్పడకు. నీది ఇంటి కూర. కడుపు నిండుతుంది, కాదన్ను. ఇది తింటే మటుకు పొద్దుటినుంచీ ఆ చిన్న చిన్న చక్రాలతో పడ్డ విసుగంతా పోతుంది. ఆవిడ చేతిలో ఏదో ఉందే."

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. సంచిలోంచి ఒక పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. నీకనే కొన్నాను, చూసి నేర్చుకుంటావని, అన్నాడు. మొదటి పేజీలో హోటలావిడ సంతకం.

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవత్తెతోనో సినిమాకెళ్లి దొరికినా ఇంత బాధపడేది కాదు. ఆ ఏదో ఏమిటో తేల్చుకుందామని రొట్టె తుంచి, అతని పళ్లెంలో కూర అద్దుకుని నోట్లో పెట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

నిమ్మతొక్క. నిప్పుల మీద మాడ్చి, మెత్తగా నూరి, దించే ముందు చిటికెడు వేసే నిమ్మతొక్క పొడి. అది ఆమె ఒక్కదాని గుట్టు. తోడబుట్టిన చెల్లెల్ని కూడా ఏదో పని చెప్పి బయటికి పంపాకే కూరలో వేస్తుంది. ఇంట్లో కిటికీ దగ్గర ఎండే తొక్కల్ని రోజూ చూసే మనిషి ఇంకెవరున్నారు? గబగబా పుస్తకంలో వంకాయ కూర పేజీ తీసింది. నిమ్మతొక్క ఊసే లేదు. అమ్మ దీని తెలివి, అచ్చులో కూడా దాచేసింది అనుకుంది.

"చెప్పేశారు కదూ," అంది. "నాకంటూ ఉన్నది అదొక్కటే. అది కూడా తెచ్చి దీని చేతిలో పెట్టారు."

అతను బిత్తరపోయాడు. ఏ తొక్కలని అడిగాడు. నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. కిటికీలో ఎండేవి పళ్లపొడి కోసమనుకున్నాడట ఇన్నాళ్లూ. ఆమె ఒక్క ముక్క నమ్మలేదు.

ఇంతలో మారు వడ్డించడానికి కూర గిన్నె పట్టుకుని హోటలావిడే స్వయంగా వచ్చింది.

"నిమ్మతొక్క సంగతి నీకెవరు చెప్పారు?" అని ఆమె నిలదీసింది.

ఏ నిమ్మతొక్క అని అడగబోయి, హోటలావిడ బల్ల మీది క్యారియర్ చూసింది. మూత మీది ఎర్ర చుక్క చూసింది. మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కూర అయిపోయిందండీ అంటూ, నిండు గిన్నెతో వెనక్కి తిరిగింది.

వంటింటి తలుపు కాలితో తోసుకుంటూ ఆటో అతను హాల్లోకొచ్చాడు. రెండు చేతులా రెండు పెద్ద డబ్బాలు. మూతల మీద ఎర్ర చుక్కలు. ఆమెని చూడగానే మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"అదేంటక్కా, మీరూ ఇక్కడికేనా? ముందే చెబితే కూరతో పాటు మిమ్మల్నీ ఎక్కించుకొచ్చేవాణ్ణిగా."