నీళ్ళు కలపని చిరక

"పానీ కలపాలి దాదా. బహుత్ పానీ," అన్నాడు గోల్ బజార్ రంగుల కొట్టు బెంగాలీ ముసలాయన, వచ్చీరాని తెలుగులో.

"దీంతో ఏటి సేస్తారు?" అడిగాడు కృపారావు సీసా అందుకుంటూ.

"సిల్కుకి రంగు పట్టాలంటే ఇదే. రబ్బరు పాలు గడ్డకట్టాలంటే ఇదే. ప్రేమ్ బజార్ చౌమీన్ బండి మీద సీసా ఉంటది చూడు, వెనిగర్, అదీ ఇదే. కానీ దాంట్లో ఇది కొంచెం. బాకీ అంతా పానీ."

కృపారావు సీసా సంచిలో వేసుకుని నిమ్‌పురా వైపు సైకిలెక్కాడు.

మర్నాడు శుభ శుక్రవారం.

ఎనభైల్లో ఆ బెంగాలీ రైల్వే ఊళ్ళో, తెలుగువాళ్ళ చిన్న చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది. శిలువ మీద ప్రభువు దాహమన్నప్పుడు పుల్లటి చిరక, అదే వెనిగరు, అందించారు గదా. ఆ మాట చదివే వేళకి అందరూ తలా చెంచాడు చిరక నోట్లో వేసుకునేవాళ్ళు.

ఏటేటా సూసన్నమ్మ తాటికల్లు కుండలో పులియబెట్టి చేసేది. ఆమె చలికాలంలో పోయింది. ఆ పని ఇంకెవరికీ చేతకాలేదు.

అందుకని ఈసారి సంఘపెద్ద కృపారావు మీద పడింది.

మొదటి చెంచా అతని కూతురు దేవమణికి. ఆ ఏడు పన్నెండు నిండిన పిల్లకే ఆ వంతు. కృపారావుకి ఆలస్యంగా పుట్టిన ఒక్కగానొక్క పిల్ల.

"నీల్లు కలపమన్నాడన్నావు గదా?" అంది భార్య సుజాతమ్మ, కూతురి గౌను ఇస్త్రీ చేస్తూ.

"ప్రభువుకి నీల్లు కలిపిచ్చినారేటి? సూసన్నమ్మ ఏనాడన్నా కలిపిందా?"

"కలపనేదు."

"మరింకేటి?"

సీసా అంతా పింగాణీ గిన్నెలో వంచేశాడు.

మధ్యాహ్నం ప్రార్థన మొదలయ్యాక ఎవరో ఒకాయన వచ్చి వెనక చాప చివర కూర్చున్నాడు. మాసిన తెల్ల చొక్కా. అంత ఎండలోనూ మెడకి మఫ్లరు.

"ఏ ఊరు బాబూ?" అడిగాడు పక్కనున్న దావీదు.

ఆయన తల ఊపాడు, అంతే.

"మూగోడేటి?"

"నోరు తెరిస్తే సారా కంపు బయటపడిపోద్దని," అన్నాడు ముందున్నవాడు. నలుగురు నవ్వు ఆపుకున్నారు.

గిన్నె మీద గుడ్డ తీశారు.

ఆ ఘాటుకి ముందు వరుసలో అందరి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఆ రోజు శుభ శుక్రవారం. ఏడుస్తున్నారనుకున్నారు వెనకవాళ్ళు.

కొత్తాయన ముక్కు ఎగబీల్చాడు. లేచి నిలబడ్డాడు.

పాస్టరు చెంచా నింపారు. దేవమణి కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

కొత్తాయన గొంతులోంచి ఒక కూత వచ్చింది. మాట కాదు. చాపల మీది మనుషుల్ని తొక్కుకుంటూ వచ్చిపడ్డాడు.

చెంచా ఎగిరిపోయింది. గిన్నె ఆయన కాళ్ళ మీదే బోర్లాపడింది.

"తాగుబోతు ఎదవా!"

కృపారావు ఆయన్ని మెడ పట్టుకుని గుమ్మందాకా ఈడ్చాడు. ఆయన ఎదురు తిరగలేదు. వెనక్కి చూసి ఆ గిన్నెకేసి, ఈ పిల్లకేసి వేలు చూపిస్తూనే ఉన్నాడు.

"మా గుంట మొదటి వంతు పాడుసేస్తావేట్రా!"

తోశాడు.

రాతి మెట్టు అంచుకి తల తగిలింది.

"పడుండనీ. మత్తు దిగితే ఆడే లెగుస్తాడు," అన్నాడు దావీదు.

తలుపు వేసుకుని పాట ఎత్తుకున్నారు.

సుజాతమ్మ గుడ్డ తెచ్చి నేల తుడవబోయింది.

"ఓలమ్మో! నా సేతులు!"

వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. చర్మం పొంగుతోంది. దావీదు కుండెడు నీళ్ళు తెచ్చి చేతుల మీద గుమ్మరించాడు. ఆ నీళ్ళు పారిన చోట సిమెంటు నేల నురగ కక్కింది.

పాట ఆగిపోయింది.

కృపారావు కూతురి పెదాలకేసి చూశాడు. తర్వాత తలుపుకేసి చూశాడు.

కొత్తాయన పడినచోటే పడి ఉన్నాడు. ఆస్పత్రికని ఎత్తబోతే తల వాలిపోయింది, ఊపిరి లేదు. మఫ్లరు జారింది. గడ్డం కిందనుంచి గుండె దాకా పాత కాలిన మచ్చ, కారిన చార లాగా.

లోపలికి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. పోలీసులకి కబురు పంపింది కృపారావే. "నేనే తోసినాను," అదే మాట అంటున్నాడు.

పోలీసులకన్నా ముందు ఒకావిడ వచ్చింది. చేతిలో సంచి.

"మా ఆయన ఇటొచ్చినాడా బాబూ? మాట రాదు. ఏటేటా ఈ రోజున నన్ను స్టేషన్లో కూకోబెట్టి, చిరక ఇచ్చే ఏదో ఒక ఊరి చర్చికి ఎల్తాడు."

అందరూ పక్కకి తప్పుకున్నారు.

ఆవిడ చాపను చూసింది. అక్కడే నిలబడిపోయింది.

"చిరక ఎవులైనా తాగినారా?" అంది.

"నేదమ్మా."

"పిల్లలు?"

"నేదు తల్లీ. మా గుంట నోటిదాకా వచ్చింది. ఆయనే..." కృపారావు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నేనే సంపేసినాను తల్లీ."

ఆవిడ చాప పక్కన కూర్చుంది. భర్త చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయనెవులమ్మా?" మెల్లగా అడిగాడు దావీదు. "ఆసిడ్డు కంపెనీలో పనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఈయనే మా ఊరి పాస్టరు బాబూ, ఇలాటి సీసాదే గిన్నెలో పోసి, మొదటి చెంచా మా గుంట నోట్లో ఈ సేత్తోనే ఏసినాడు, గుంట పోయినాక మిగిలింది తనూ తాగీసినాడు."