అరవై మూడు టీ అంగళ్ళ పటం

“బెంచీ లోపలికి తీసేస్తాండా మేడం, రాసుకోవద్దు!” అంటూ జియావుల్లా కాగుతున్న టీని పొయ్యి మీదే వదిలేసి బయటికి ఉరికాడు.

“తీయొద్దన్నా! ఉన్నచోటే ఉండనీ. నాకు కావాల్సింది బెంచీనే,” అంది ప్రసూన, అంగడి వైపు ఫోను పట్టుకుని.

ప్రొద్దుటూరులో ఆ పొద్దుటికి అది పదకొండో టీ అంగడి. ముందు పది అంగళ్ళవాళ్ళూ ఆమెను రోడ్డు మీది ఆక్రమణలు కూల్చేసే ఆఫీసరమ్మ అనే అనుకున్నారు. ఒకాయన అయితే రేకుల పందిరిని కూడా చేత్తో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

“మరి ఎందుకు మేడం ఫోటోలు?”

“జీఐఎస్ చదువుతాండా అన్నా, ఆన్‌లైన్లో.”

“జీఐఎస్సా? జీఎస్టీకి చెల్లెలా?”

“దానికీ దీనికీ చుట్టరికం లేదులే. కంప్యూటర్లో మ్యాపులు గీసే చదువు. యాడ ఏముందో చుక్క పెట్టి చూపించాల.”

జియావుల్లాకు ప్రాణం లేచొచ్చింది. రెండు కాగితపు కప్పుల్లో టీ పోసి, స్కూటీ దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. ఒకటి ప్రసూనకు, ఇంకొకటి వెనక సీటు మీద కాపలాకు వచ్చిన అత్త సుశీలమ్మకు.

సుశీలమ్మకు ఈ చదువు మీద మొదటినుంచీ అనుమానమే. ఆమెకు తెలిసినంతలో పటం అంటే మేకుకు తగిలించి దండ వేసేది. బతికున్న ఊరికి పటం కట్టడం అపశకునం కాదా! పైగా బడిలో పిల్లలు దిక్కులు చూస్తే అయ్యవారు చెవి మెలిపెట్టేవాడు. ఇప్పుడు దిక్కులు చూసినందుకు సర్టిఫికెట్టట!

“ఇది కూడా తప్పితే?” అని అడిగింది, టీ ఊదుకుంటూ.

“తప్పితే చీరల అంగట్లో మడతలు పెట్టే పనికి పోతా అంటి కదత్తా. మాట మాటే.”

అదీ ఒప్పందం. ప్రసూన మొదటి ప్రాజెక్టు ఫెయిలయింది. ఊర్లోని బ్యాంకులన్నీ గుర్తిస్తే, “ఇది ఫోనులో ఎవరైనా చూస్తారమ్మా. మీ ఊళ్ళో ఎవరూ గీయని మ్యాపు గీయండి,” అన్నారు విశాఖ నుంచి పాఠం చెప్పే సారు. ఈ రెండోది నెగ్గితే తిరుపతి కంపెనీ ఒకటి ఇంటి దగ్గరే కూర్చుని మ్యాపులు గీసే ఉద్యోగం ఇస్తానంది. ఓడితే చీరల మడతలే. మూడో అవకాశం లేదు.

అందుకే ఆరు రోజులు తిరిగింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఊరికి ఇరవై ఒక్క అంగడి. ఒక్కో అంగడికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా పోయి, పావుగంట నిలబడి చూసేది. జమ్మలమడుగు బస్టాండు పక్కన ఒకాయన ఉండబట్టలేక అడిగేశాడు.

“పొద్దున వచ్చి పోతివి, మళ్ళా ఏందమ్మా? అంగడి ఏమన్నా నడిచి పోతాదా?”

“అంగడి పోదప్పా. వచ్చేవాళ్ళను చూస్తాండా.”

“నలుగురు మామలు, రెండు పేపర్లు, ఒక రాజకీయం. రోజూ ఉండేదే. దీనికి చదువెందుకు?”

పులివెందులలో గులాబ్‌బీది సొంత టీ అంగడి. అల్లం దంచుతూనే పలకరించింది. “కాళ్ళు నొప్పి పుట్టవా బిడ్డా?”

“నీకు పుట్టవా? పద్నాలుగేండ్ల నుంచి నిలబడే ఉండావంటివే.”

“నేను కూచుంటే గిరాకీ యాడ కూచుంటాది?” అని నవ్వి, టీ చేతికిచ్చింది. “ఆ గోడ పక్కకు పోయి తాగు. ఎండ తగలదు.”

ప్రతి రాత్రీ సుశీలమ్మది ఒకటే ప్రశ్న. “ఎన్ని చుక్కలు పెట్టినావే?”

“ఇంకా చూడాల అత్తా.”

ఆరో రోజు కూడా అదే జవాబు రావడంతో సుశీలమ్మ చీరల అంగడి ఓనరుకు కబురు పంపనే పంపింది.

శనివారం పొద్దున పదింటికి ఆన్‌లైన్ క్లాసు. నలభై మంది చూస్తుండగా సారు ప్రసూన మ్యాపు తెరిచారు. మూడు ఊర్లూ ఉన్నాయి. వీధులున్నాయి, పెన్నా నది ఉంది, ఉత్తరం చూపే బాణం కూడా ముద్దుగా ఉంది. చుక్క మాత్రం ఒక్కటీ లేదు. మ్యాపులో కనబడని చుక్కలు, ప్రసూన పక్కనే కూర్చున్న సుశీలమ్మకు పట్టపగలే కనబడ్డాయి.

“ఏమ్మా ప్రసూనా, అరవై మూడు షాపులు తిరిగానన్నారు. ఏవండీ అవి? ఫైలు సేవ్ చేయడం మర్చిపోయారా?”

“లేదు సార్. సేవ్ చేసినా.”

“ఒక్క పాయింటు కూడా లేదు కదమ్మా!”

“మూడు పూటలా చూసినా సార్. ఉన్నవన్నీ పెట్టినా.”

ఎవరో మైకు ఆపడం మరిచి కిసుక్కున నవ్వారు. సుశీలమ్మ కోడలి మోచెయ్యి గిల్లింది. “ఆరు రోజుల పెట్రోలు పోసి ఖాళీ కాగితం గీసినావా?”

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఖాళీ మ్యాపుకు మార్కులు ఎలా వేయను? పైన పేరు కూడా పెట్టలేదు. పోనీ, ముందు ఆ పేరన్నా రాయండి. ఆ తర్వాత ఫలితం చెబుతాను.”

“పేరు కడాకు పెడదామని ఆపినా సార్,” అంది ప్రసూన. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. సుశీలమ్మ గిల్లడం ఆపి, కోడలి భుజం మీదుగా తొంగి చూసింది. నలభై తెరల మీద ఒక్కో అక్షరమే పడసాగింది.

‘బెంచీ మీద కూర్చుని టీ తాగే ఆడవాళ్ళు.’