పుష్యమి మొదటి పాదం

"పేరు లేకుండా కాగితం ఇస్తే నానేటి సేసుకోను మేడం? మళ్లీ బిస్సమ్ కటక్ నుంచి రాలేను. ఒక్క పేరు, మీరే సెప్పండి."

కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు ఆ మనిషి. గడ్డం మాసి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి.

రాయగడ మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల కిటికీ దగ్గర కూర్చునే విజయదుర్గకు విసుగొచ్చింది. అసలే ఆ పూట ఆమె మనసు బాగోలేదు. లువియన్ అని, మూడు వేల ఏళ్ల కిందట ఇప్పటి టర్కీ ప్రాంతంలో మాట్లాడి, ఆనక చచ్చిపోయిన భాష ఒకటుంది. అందులోని ఒకే ఒక్క మాట మీద తొమ్మిదేళ్లు కష్టపడి వ్యాసం రాసిందామె. 'ఇందులో కొత్త విషయం లేదు' అని పత్రికవాళ్లు పొద్దున్నే తిప్పి పంపారు. "మాట్లాడేవాళ్లే లేని భాష నీకెందుకే?" అని భర్త జగన్ ఎప్పుడూ అనేదే మళ్లీ అన్నాడు.

"నీ బిడ్డకి పేరు నువ్వు పెట్టుకోవాలి గానీ, నన్నడుగుతావేటి బాబూ?"

"పుష్యమి మొదటి పాదం మేడం. 'హు'తో మొదలవ్వాలంట. హనుమంతు అందామంటే, అది 'హ' గానీ 'హు' కాదన్నాడు పంతులు. ఇరవై దినాల్నించి ఆలోసిస్తన్నాం, తట్టట్లేదు."

విజయదుర్గ కలం ఆగిపోయింది.

"ఒకటుంది," అంది మెల్లగా. "హుయిత్వలాహిత్."

"ఏటీ?"

"మంచి పక్కన 'తనం' పెడితే మంచితనం అయింది కదా? అలాగే పాత భాష ఒకటుంది, అందులో 'హుయిత్వల్' అంటే బతికున్న అని. దాని పక్కన 'ఆహిత్' చేరిస్తే..."

"బతికున్నతనం!"

"అంతే. జీవం."

తొమ్మిదేళ్లలో ఆ మాటకి అర్థం చెప్పకముందే అందుకున్నవాడు అతనొక్కడే. దరఖాస్తులో అతని పేరు చూసుకుంది. చిన్నబ్బాయి, ఆటో డ్రైవరు.

"రాసీండి మేడం," అన్నాడు. "నెల తక్కువ పుట్టుక. ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టేరు. బతుకు అనే మాటే కావాలి మాకు." గోడవైపు తిరిగి చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. "అంత పెద్ద పేరు ఎవులు పిలుస్తారు గానీ, ఇంటికాడ బుజ్జిగాడంటాం లెండి."

విజయదుర్గ ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. వ్యాసం తిరిగొచ్చిన బాధ కాస్త తగ్గినట్టనిపించింది. ముద్ర వేస్తూ కిటికీలోంచి చూసింది. వరండా బల్ల మీద అతని భార్య బుల్లి కూర్చుని ఉంది. తల గోడకి ఆన్చి, కళ్లు మూసుకుని ఉంది. ఒడి ఖాళీగా ఉంది.

"ఇదిగో బాబూ, ఇక్కడ సంతకం పెట్టు."

చిన్నబ్బాయి సంతకం పెట్టాడు గానీ కదల్లేదు. వెనక లైన్లో వాళ్లు గొణుగుతున్నారు. అతను కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ రెండో కాగితం కూడా మీ దగ్గరే కదా మేడం?"

విజయదుర్గ ముద్ర పక్కన పెట్టేసింది. ఆ కిటికీలో ఇచ్చేవి రెండే రకాల కాగితాలు. పెట్టెలో పెట్టేరన్నాడు. తర్వాతేమైందో తను అడగనే లేదు. పైగా మురిసిపోతూ పాఠం చెప్పింది, బతికున్నతనం అని! బల్ల మీది ఆ తల్లివైపు మళ్లీ చూడలేకపోయింది.

కింది సొరుగు లాగి ఇంకో దరఖాస్తు తీసింది. తల్లి పేరు రాసింది. తండ్రి పేరు రాసింది. బిడ్డ పేరు దగ్గర చెయ్యి సాగలేదు.

"నన్ను క్షమించు బాబూ," అంది, తల ఎత్తకుండానే. "నాకు తెలీలేదు."

చిన్నబ్బాయి మెడ చాచి ఆ కాగితం చదివాడు. గాభరాగా రెండు చేతులూ చువ్వల్లోంచి లోపలికి పెట్టి దాన్ని మూసేశాడు.

"అయ్యో, ఇది సావు కాగితం మేడం! కవలపిల్లలు మాకు, ఇద్దరూ ఇంటికాడ మాయమ్మ సేతుల్లో గుక్కపట్టి ఏడుస్తన్నారు. నిద్దర్లేక మేం సస్తన్నాం గానీ ఆళ్లు రాయల్లే ఉన్నారు! రెండోది ఆడపిల్ల, దానికీ 'హు'యే... ఇంకోటి సెప్పండి!"